బూడిద కింద చేతి పని

బనగానపల్లె అంటే మనకు మామిడి గుర్తొస్తుంది. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఆ మండలంలోనే జ్వాలాపురం అనే ఊరుందని, దాని పేరు ప్రపంచంలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో మార్మోగుతోందని మన జిల్లాలవాళ్లలో చాలామందికి తెలియదు. 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చిన ఊరిది. ఎర్రమల కొండల మధ్య జుర్రేరు పారే లోయలో ఉంటుంది. అక్కడ మట్టి కింద తెల్లగా, పిండిలా మెత్తగా ఒక పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల దాని మందం రెండు మీటర్లు దాటుతుంది. ఆ తెల్ల పొడిని తవ్వి, అంట్లు తోమే పొడి తయారుచేసేవాళ్లకు అమ్మేవారు. దాంతో తోమితే గిన్నెలు తళతళలాడేవి. ఆ పొడి మన నేలది కాదు. సముద్రం అవతల, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సుమత్రా దీవి నుంచి గాలిలో వచ్చి పడిన అగ్నిపర్వతం బూడిద.

ఆ అగ్నిపర్వతం పేరు టోబా. సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలింది. గత 20 లక్షల ఏళ్లలో భూమ్మీద ఇంతకన్నా పెద్ద పేలుడు జరగలేదని శాస్త్రజ్ఞుల అంచనా. దాదాపు 2,800 ఘనపు కిలోమీటర్ల శిలాద్రవం బయటికొచ్చింది. కొండ ఉన్నచోట గొయ్యి పడి, అందులో నీళ్లు నిండి, దాదాపు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పున్న టోబా సరస్సు ఏర్పడింది. 1815లో అదే ఇండోనేషియాలో టాంబోరా పేలితే, మరుసటి ఏడాది యూరప్‌లోనూ అమెరికాలోనూ వేసవి సరిగ్గా రాక పంటలు పోయాయి. టోబా ముందు టాంబోరా చాలా చిన్నది. టోబా బూడిద భారతదేశమంతా రాలింది. మధ్యప్రదేశ్‌లోని సోన్ నది లోయలో ఉంది, మహారాష్ట్రలో ఉంది, మన కడప వైపు సగిలేరు లోయలోనూ ఉంది. జ్వాలాపురంలో ఆకాశం నుంచి నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే. కొండల మీద పడిన బూడిదను ఆ తర్వాత కురిసిన వానలు కడిగి, లోయ అడుగున నీళ్లు నిలిచిన పల్లంలోకి తోశాయి. అందుకే అక్కడ అంత మందం. గిన్నెలు మెరవడానికి కారణమూ ఆ బూడిదలోనే ఉంది. అది కట్టెల బూడిద లాంటిది కాదు, గాజు. శిలాద్రవంలోని నురగ బుడగలు పగిలి, గాలిలోనే గడ్డకట్టిన గాజు రవ్వలు. భూతద్దంలో చూస్తే ఒక్కొక్కటీ వంపు తిరిగి, అంచులు కోసుగా ఉంటుంది.

జ్వాలాపురం గురించి ఎవరు రాసినా ఇక్కడే ఆగిపోతారు. అగ్నిపర్వతం, బూడిద, ప్రళయం. అది వింతే, సందేహం లేదు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద వింత ఆ బూడిద కింద, ఆ బూడిద పైన దొరికిన రాతి పెచ్చుల్లో కనిపిస్తుంది. అరచేతిలో పట్టేంత రాళ్లు. ఎవరో కూర్చుని కొట్టినవి. వాటిలోని పనితనం చూడాలని, నలుగురికీ చూపాలని ఈ వ్యాసం.

2003 నుంచి కర్నూలు ప్రాంతంలో ఒక బృందం పనిచేసింది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు శాస్త్రజ్ఞుడు రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైఖేల్ పెట్రాగ్లియా దానికి ముందు నడిచారు. రాతి పనిముట్లను చదవడంలో దిట్ట అయిన క్రిస్ క్లార్క్‌సన్, కాలనిర్ణయంలో పేరున్న రిచర్డ్ రాబర్ట్స్, ఇంకా ఎందరో వాళ్లతో కలిశారు. తమ పరిశోధన ఫలితాలను 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. జ్వాలాపురంలో మూడో స్థలం అని వాళ్లు గుర్తుపెట్టుకున్న చోట బూడిద పొర కింద 215 రాతి పనిముట్లు, బూడిద పైన 108 దొరికాయి. కిందవాటి వయసు సుమారు 77 వేల ఏళ్లు, పైవాటిది సుమారు 74 వేల ఏళ్లు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పని ఒకే తీరులో ఉంది. రాయిని సిద్ధం చేసిన పద్ధతి అదే, పెచ్చు లేపిన పద్ధతి అదే. ఆకాశం నుంచి గాజుపొడి కురిసినా ఆ విద్య తెగిపోలేదన్న మాట. లోకం ఉలిక్కిపడింది ఈ సంగతికే. ఎందుకంటే, టోబా దెబ్బకు మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయి కొన్ని వేలమందే మిగిలారని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అనే పరిశోధకుడు ప్రతిపాదించాడు. అప్పటి నుంచి చాలామంది ఆ మాటనే నమ్ముతూ వచ్చారు.

ఇక ఆ పెచ్చుల దగ్గరికి వద్దాం. కర్నూలు, కడప జిల్లాలవాళ్లకు రాయి సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. బేతంచర్ల బండ, కడప నాపరాయి వేయని అరుగు, పరచని ఇల్లు ఈ సీమలో అరుదు. 1872లో విలియం కింగ్ ఇక్కడి రాళ్లను పరిశీలించి పుస్తకం రాసినప్పుడు వాటికి ‘కడప శిలలు’, ‘కర్నూలు శిలలు’ అనే పేర్లు స్థిరపడ్డాయి. భూగర్భ శాస్త్రంలో మన ఊళ్ల పేర్లే రాళ్ల పేర్లు. బనగానపల్లె, పాణ్యం, కోయిలకుంట్ల, అవుకు, నార్జి, అన్నీ శిలల పేర్లయ్యాయి. జుర్రేరు లోయ చుట్టూ ఉన్నది ఎక్కువగా నార్జి సున్నపురాయి. దాంతోపాటు గట్టి క్వార్ట్‌జైట్, అక్కడక్కడా చెకుముకి రాయి దొరుకుతాయి. బూడిదకు ముందునాటి పనివాడు ఈ మూడింటినీ వాడాడు. సున్నపురాయి చేతికి దగ్గరగా, పుష్కలంగా ఉంది. రేణువు సన్నగా ఉన్న రాయైతే చక్కగా పగులుతుంది. కానీ అంచు త్వరగా మొద్దుబారుతుంది. క్వార్ట్‌జైట్ మొండిది, కొట్టడానికి బలం కావాలి, అంచు మాత్రం నిలుస్తుంది. చెకుముకి రాయి అన్నిటికన్నా బాగా మాట వింటుంది. కాకపోతే వెతికి తెచ్చుకోవాలి. ఏ పనికి ఏ రాయి అన్నది మొదట తేలాల్సిన ప్రశ్న. పని అక్కడే మొదలైంది, సుత్తి ఎత్తకముందే.

రాయిని రాయితో కొడితే పగులుతుంది. అది ఎవరికైనా చేతనవును. కావలసిన చోట, కావలసిన మందంలో, కావలసిన ఆకారంలో పగలగొట్టడం వేరు. సన్నరేణువుల రాయిలో దెబ్బ తగిలినచోట నుంచి బలం ఒక గరాటులా లోపలికి వ్యాపిస్తుంది. రాయి అంచున, రెండు ముఖాలూ కలిసే కోణం తొంభై డిగ్రీలకు లోపు ఉంటే, ఆ బలం రాయి ముఖానికి సమాంతరంగా పరుగెత్తి ఒక పెచ్చును లేపుతుంది. కోణం అంతకన్నా ఎక్కువైతే దెబ్బ రాయిలోనే ఇంకిపోతుంది, పెచ్చు లేవదు. దెబ్బ అంచుకు మరీ దగ్గరగా పడితే అంచు నుజ్జవుతుంది. మరీ లోపలికి పడితే పెచ్చు లావుగా లేచి సగంలోనే మెట్టులా విరుగుతుంది. వెంట్రుకవాసి తేడాతో ఇటో అటో. ఈ లెక్కంతా ఆ పనివాడి మణికట్టులో ఉంది.

అలా లేచిన ఒక పెచ్చును చేతిలోకి తీసుకుని చూస్తే జరిగిందంతా అందులోనే కనిపిస్తుంది. ఒక కొసన చిన్న చదును జాగా. సుత్తిరాయి తగిలింది అక్కడే. దాని కిందనే లోపలి ముఖం మీద ఒక ఉబ్బు, వేలితో తడిమితే తెలుస్తుంది. దెబ్బ బలం మొదట రాయిలోకి దిగిన చోటు అది. ఆ ఉబ్బు నుంచి కింది కొస వైపు, చెరువులో గులకరాయి వేస్తే సాగే అలల్లా, సన్నటి వంపు గీతలు. వాటిని వెనక్కి పట్టుకుపోతే దెబ్బ ఎటు నుంచి వచ్చిందో తేలుతుంది. ఇప్పుడు పెచ్చును తిప్పి వీపు చూడండి. అక్కడ అంతకుముందు లేపిన పెచ్చుల మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఏ మచ్చ ముందుది, ఏది వెనకది అన్నది వాటి అంచులు ఒకదాన్నొకటి ఎలా కోశాయో చూసి చెప్పవచ్చు. అంటే ఈ పెచ్చు పుట్టకముందు పనివాడు వేసిన దెబ్బలన్నీ వరసగా దాని వీపు మీద రాసి ఉన్నాయి. అక్షరం పుట్టడానికి డెబ్భై వేల ఏళ్ల ముందు నాటి రాత. చదవడం నేర్చుకున్నవాడికి తప్పు చెప్పదు.

జ్వాలాపురం పనివాళ్ల గొప్పతనం ఆ వీపు మచ్చల్లోనే ఉంది. వాళ్లు చేతికందిన రాయిని కొట్టి, లేచిన పెచ్చుల్లో బాగున్నదాన్ని ఏరుకోలేదు. ముందు రాయిని తయారు చేశారు. గుండ్రాయి అంచు చుట్టూ, మధ్యకు గురిపెట్టి, దెబ్బ మీద దెబ్బ వేసుకుంటూ పోయారు. ఒక ముఖం కాస్త ఉబ్బెత్తుగా, తాబేలు వీపులా తయారయ్యేదాకా. తర్వాత ఒక కొసన అంచును చిన్న చిన్న దెబ్బలతో చెక్కి, చివరి దెబ్బకు పీట వేశారు. అప్పుడు ఒకే ఒక్క దెబ్బ. ముందే అనుకున్న ఆకారంలో, చుట్టూ పదునుతో, ఒక పెచ్చు ఊడి వస్తుంది. ఆ ఒక్క పెచ్చు కోసమే మునుపటి దెబ్బలన్నీ. మధ్యలో ఏ దెబ్బ తప్పినా మళ్లీ మొదలు. రాయి లోపల ఇంకా లేని వస్తువును మనసులో పెట్టుకుని, అది బయటపడేదాకా మెట్టు మెట్టుగా నడిచారు. దీన్ని ఆలోచన అనకపోతే ఇంకేమనాలో నాకు తెలియదు.

ఇది ఒక్కరోజులో ఒకరికి తట్టే విద్య కాదు. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో పట్టుదలగా ఈ పని నేర్చుకుంటున్నవాళ్లకు నెలలు, ఏళ్లు పడుతున్నాయి. వేళ్లు తెగుతాయి, రాళ్లు వృథా అవుతాయి. పక్కన కూర్చుని చూపించేవాడు ఉండాలి. పిల్ల చూడాలి, కొట్టాలి, చెడగొట్టాలి, మళ్లీ కొట్టాలి. బూడిద కింద పొరలోనూ పై పొరలోనూ ఒకే పద్ధతి కనిపించడంలో నన్ను కదిలించేది ఇదే. ఆ విద్య ఒక రాయి నుంచి ఇంకో రాయికి పోలేదు. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోయింది. నడుమ ఒక్క తరం నేర్పకుండా పోయినా పై పొరలో ఆ తీరు దొరకదు.

మూడో స్థలం ఒక్కటే కాదు. ఆ లోయలో ఇరవైకి పైగా స్థలాలకు వాళ్లు అంకెలు వేసి పెట్టుకున్నారు. వాటిలో ఇరవై రెండో అంకె స్థలం మరీ అపురూపం. మనుషులు కూర్చుని రాళ్లు కొట్టిన నేలను బూడిద వచ్చి కప్పేసింది. వెయ్యికి పైగా రాతి ముక్కలు ఆ ఒక్క నేల మీద దొరికాయి. పనిముట్లు, వాటి కోసం తయారు చేసిన మూలరాళ్లు, పని చేస్తుంటే రాలిన తరుగు. నాకు ఆ తరుగు మీదే మక్కువ ఎక్కువ. మంచి పనిముట్టును పట్టుకుని మనిషి వెళ్లిపోతాడు. తరుగును ఎవడూ మోసుకుపోడు. ఎక్కడ రాలిందో అక్కడే ఉంటుంది. అంచుల పదును పోని చిన్న చిన్న రవ్వలు ఒకేచోట గుమిగూడి దొరికాయంటే, వాటిని ఏరు కొట్టుకురాలేదనీ, ఇక్కడే ఎవరో పని చేశారనీ అర్థం. 2012లో ఈ నేల గురించిన వివరాలు ప్రచురించారు.

మూడో స్థలంలో బూడిద కింద దొరికిన ఇంకో వస్తువు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక చిన్న జేగురు ముక్క. దాని మీద గీతలున్నాయి. రాయి మీద అరగదీస్తే పడే గీతలు. గడపకు ఎర్రమన్ను పూసే ఇళ్లు మన పల్లెల్లో ఇవాళ్టికీ ఉన్నాయి కాబట్టి ఆ ముక్క విలువ మనకు చప్పున తెలుస్తుంది. ఎర్రటి పొడి కావాలని ఎవరో దాన్ని నూరారు. ఒంటికి పూసుకున్నారా, తోలుకు పట్టించారా, కర్రకు రాయి అతికించే జిగురులో కలిపారా అన్నది ఆ ముక్క చెప్పదు. పదునుకే కాదు, రంగుకు కూడా రాయిని అరగదీసే చెయ్యి అక్కడ ఉందన్నది మాత్రం నిజం.

రాళ్లు కొట్టినవాళ్ల పనితనం ఒక ఎత్తయితే, వాటిని వెలికితీసినవాళ్ల పనితనం ఇంకో ఎత్తు. దాన్ని కూడా కాస్త దగ్గరగా చూడాలి. మొదటి ప్రశ్న, ఆ బూడిద టోబాదే అని ఎలా తెలుసు? ప్రతి పేలుడు నుంచి వచ్చిన గాజుకు తనదైన రసాయన కూర్పు ఉంటుంది. సిలికా ఎంత, పొటాషియం ఎంత, ఇనుము ఎంత అన్నవి పేలుడు పేలుడుకూ మారతాయి. జ్వాలాపురం గాజు రవ్వను ఎలక్ట్రాన్ పుంజం కింద పెట్టి ఆ పాళ్లు కొలిచి, టోబా దగ్గరి బూడిదతోనూ ఇతర చోట్ల దొరికిన బూడిదతోనూ సరిపోల్చారు. టోబా పలుమార్లు పేలింది కాబట్టి, అన్నిటికన్నా చివరి పెద్ద పేలుడిదే ఈ బూడిద అని తేల్చడం తేలిక పని కాదు. తేల్చారు.

రెండో ప్రశ్న, బూడిద కింది మట్టి వయసు? ఇందులో నిజంగా అబ్బురమైన పద్ధతి ఒకటుంది. ఇసుకలోని పలుగురాతి రేణువు నేలలో పూడుకుపోయాక, చుట్టూ ఉన్న మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే స్వల్ప వికిరణపు శక్తిని తనలో కొద్దికొద్దిగా దాచుకుంటూ పోతుంది. ఎండ తగిలిందంటే చాలు, ఆ నిల్వ ఖాళీ అయిపోతుంది. మళ్లీ పూడిన రోజు నుంచి లెక్క సున్నాతో మొదలవుతుంది. కాబట్టి రేణువులో ఎంత నిల్వ ఉందో కొలిస్తే, అది చివరిసారి వెలుతురు చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. ఇక్కడే ఆ పని కష్టమంతా. మట్టి నమూనా తీసేటప్పుడు ఒక్క క్షణం ఎండ పడినా కొలత చెడిపోతుంది. అందుకని వెలుతురు చొరని గొట్టాన్ని తవ్వకం గోడలోకి దిగ్గొట్టి, రెండు కొసలూ మూసి, ప్రయోగశాలలో మసక ఎర్రదీపం వెలుతురులో తెరుస్తారు. రాయలసీమ ఎండలో నిలబడి, డెబ్భై వేల ఏళ్ల చీకటిని చెదరకుండా ఇలా బయటికి తీశారు.

ఇంత చెప్పాక వాదం సంగతి కూడా చెప్పాలి. జ్వాలాపురం రాళ్లను కొట్టింది మనలాంటి ఆధునిక మానవులేనని కోరిశెట్టర్, పెట్రాగ్లియా బృందం అభిప్రాయం. అక్కడి మూలరాళ్ల తీరు ఆఫ్రికాలో అదే కాలం నాటి వాటికి దగ్గరగా ఉందని వాళ్లు కొలతలు వేసి చూపారు. కేంబ్రిడ్జికే చెందిన పాల్ మెల్లార్స్ దీనికి ఒప్పుకోలేదు. ఆధునిక మానవులు భారతదేశానికి వచ్చింది టోబా తర్వాత చాలాకాలానికేననీ, సన్నటి చిన్న పనిముట్ల విద్యను వెంట తెచ్చుకున్నారనీ 2013లో ఆయన బృందం గట్టిగా వాదించింది. బూడిద కింద గానీ, దాని వెంటనే పైన గానీ మనిషి ఎముక దొరకలేదు. కాబట్టి ఆ చేతులు ఎవరివన్న ప్రశ్న తెరిచే ఉంది. పైగా, చెన్నైకి దగ్గర్లోని అత్తిరంపాక్కంలో ఇలాంటి సిద్ధం చేసిన మూలరాళ్ల పద్ధతి 3,85,000 ఏళ్ల కిందటే ఉందని శాంతి పప్పు బృందం 2018లో చూపింది. అంటే ఈ విద్య ఒక్క మానవజాతి సొత్తు కాకపోవచ్చు.

విద్య కొనసాగిందన్న మాటకు మాత్రం బలం పెరుగుతూ వస్తోంది. మధ్యప్రదేశ్‌లో సోన్ నది ఒడ్డున ధాబా అనే చోట సుమారు 80 వేల ఏళ్ల నుంచి 65 వేల ఏళ్ల దాకా, టోబాకు ముందూ వెనకా, ఒకే తీరు పనిముట్లు వరసగా దొరికాయని 2020లో ప్రచురించారు. దక్షిణాఫ్రికా తీరంలోని పినాకిల్ పాయింట్ దగ్గర టోబా గాజు రవ్వలు దొరికిన పొరకు ముందూ తర్వాతా మనుషుల జీవనం ఆగలేదని 2018లో తేలింది. మన బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో దొరికిన ఎముకలను బట్టి చూస్తే, గత 2 లక్షల ఏళ్లలో ఇక్కడి జంతుజాతులు కూడా దాదాపు అన్నీ నిలదొక్కుకున్నాయని 2014లో మరో పరిశోధన చెప్పింది. చేతులు ఎవరివైనా కానివ్వండి, ఆ చేతులు పని మానలేదు. నా దృష్టిలో జ్వాలాపురం ఇచ్చిన వార్త ఇదే.

జుర్రేరు లోయలోనే తొమ్మిదో స్థలం ఉంది. అది రాతి నీడ, కొండరాయి గొడుగులా వంగి ఉన్నచోటు. అక్కడి పొరలు సుమారు 35 వేల ఏళ్ల వెనక్కి పోతాయి. 2009లో ప్రకటించేనాటికి, భారతదేశంలో అన్నిటికన్నా పాతదీ, అన్నిటికన్నా ఎక్కువకాలం కొనసాగినదీ అయిన చిన్న పనిముట్ల వరస ఇదే. బూడిద నాటి పెచ్చు అరచేతిలో పడితే, ఇక్కడి పనిముట్టు వేలి కొస మీద నిలుస్తుంది. సన్నటి పట్టీలాంటి ముక్కను లేపి, దాన్ని నెలవంక లాగో త్రికోణం లాగో చెక్కారు. చిత్రమేమిటంటే, ఒక అంచును కావాలని మొద్దుబార్చారు. చూడగానే పని చెడగొట్టినట్టు అనిపిస్తుంది. కానీ ఆ మొద్దు అంచే పనికి కీలకం. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని కోయలేం. కర్రకో ఎముకకో గాడి చేసి, అందులో జిగురుతో నిలబెట్టాలి. వెనక అంచు పదునుగా ఉంటే కర్రనే చీలుస్తుంది, జిగురు పట్టదు. అందుకే ఓపిగ్గా, ఆవగింజంత రవ్వలు లేపుతూ ఆ అంచును నిలువుగా, గరుగ్గా చేశారు. ముందు అంచును మాత్రం ముట్టుకోలేదు. రాయి పగిలినప్పుడు పుట్టిన పదును కన్నా మించిన పదును చెక్కి తేలేమని వాళ్లకు తెలుసు.

ఇలాంటి ముక్కలు నాలుగైదు వరసగా నాటితే ఒక కత్తి, మొనకు ఒకటి, పక్కకు ఒకటి పెడితే బాణమో ఈటో. ఒక ముక్క విరిగితే దాన్ని పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు, కర్ర పనికిరాకుండా పోదు. తక్కువ రాయితో ఎక్కువ అంచు. వానలు తగ్గి, నేల ఎండి, జనం పెరిగిన కాలంలోనే ఈ పద్ధతి దేశంలో వ్యాపించిందని పరిశోధకులు అంటున్నారు. కరువు సీమలో పుట్టిన పొదుపు అనుకుంటే నాకు ముచ్చటేస్తుంది. ఆ రాతి నీడలోనే పూసలు కూడా దొరికాయి. ముత్యమంత ముక్కకు బెజ్జం వేసి దారానికి గుచ్చిన చేతులవి. ఆ లోయలోనూ చుట్టుపక్కల కొండల్లోనూ రాతి నీడల గోడలకు రంగు బొమ్మలున్నాయి.

ఈ సీమ గవుల్లో, వంకల్లో వెతికినవాళ్లు కోరిశెట్టర్ కన్నా ముందూ ఉన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో బిల్లసర్గం గుహలకు వచ్చాడు. ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి, ఎముకలు కుప్పలుగా తీశాడు. కామియాడ్ అనే అధికారి కర్నూలు వైపు ఏళ్ల తరబడి ఏరిన రాళ్లను బర్కిట్ అనే పండితుడితో కలిసి నాలుగు తరగతులుగా పేర్చి 1930లో ప్రచురించాడు. భారతదేశ రాతియుగాన్ని వరసలో పెట్టడానికి అది తొలి అడుగుల్లో ఒకటి. 1970ల్లో ఎం.ఎల్.కె.మూర్తి బేతంచర్ల దగ్గర ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వితే, రాతి పనిముట్లతో పాటు ఎముకతో చేసిన పనిముట్లు విరివిగా దొరికాయి. 17 వేల ఏళ్లు దాటిన పొయ్యి కూడా బయటపడింది. ఇన్ని తరాలవాళ్లు ఇక్కడికే ఎందుకు వచ్చారో ఆ గవులను చూస్తే తెలుస్తుంది. సున్నపురాయి గుహలో ఎముక నిలుస్తుంది. బయటి ఎర్రనేలలో అది కరిగిపోతుంది.

ఇప్పుడు చెప్పాల్సింది ఒక్కటే. ఆ తెల్ల బూడిదను పొడికోసం తవ్వినచోటల్లా దాని కింది నేల కూడా చెదిరింది. గుంత తవ్వితేనే పొర కనిపించిందన్నదీ నిజమే. కానీ పలుగు దిగినచోట ఏ రాయి ఏ పొరలోదో చెప్పేవాడు ఉండడు. పొర నుంచి ఊడిన రాయికి అందం ఉంటుంది, సాక్ష్యం ఉండదు. రాతియుగం రాళ్లు ఉన్న పొలాలు, గట్లు, వంకలు ఒక్క జ్వాలాపురంలోనే లేవు. నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల్లో చాలాచోట్ల ఉన్నాయి. బళ్లారిలో ఫుట్ పేరుతో సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఏర్పడింది. జుర్రేరు లోయలో దొరికినవాటిని జుర్రేరు లోయ పిల్లలు చూసేలా బనగానపల్లెలోనో నంద్యాలలోనో ఒక గది కట్టడం మన పాలకులకు భారమేమీ కాదు. బూడిద మిగిలి ఉన్న నాలుగు చోట్ల కంచె వేయడం అంతకన్నా భారం కాదు. ఇక పాఠకులకు, ముఖ్యంగా ఆ పక్క బడుల్లో పనిచేసే అయ్యవార్లకు ఒక మాట. గట్టు మీద నడుస్తుంటే ఒక కొసన ఉబ్బు, వీపున మచ్చలు ఉన్న రాతిపెచ్చు కనిపిస్తే జేబులో వేసుకోవద్దు. ఉన్నచోటే ఉంచి ఫొటో తీయండి, అది ఏ గట్టు మీద, ఏ మట్టిలో ఉందో రాసిపెట్టండి, పురావస్తు శాఖకు తెలియజేయండి. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, ఆ పెచ్చు వీపు మీది దెబ్బలను వరసగా లెక్కపెట్టించండి.